మౌస్ మాస్టారి చేతిలోనే ఉండాలి: యూనివర్సిటీలో బోధనకు టెక్నాలజీ సాయం అందించేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఒక మేడమ్ మీకు ఫోన్ చేసి "మూడుల్‌లో క్విజ్ ఎలా పెట్టాలండీ?" అని అడిగారనుకోండి (మూడుల్ అంటే కోర్సులను ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్). వెంటనే "సెట్టింగ్స్‌లోకి వెళ్లండి, అక్కడ ఫలానా బటన్ నొక్కండి" అని మొదలుపెట్టేస్తే ఆమె అడిగినదానికి జవాబు చెప్పినట్టే ఉంటుంది కానీ ఆమెకు కావలసింది దొరకదు. అసలు సంగతి ఏమై ఉంటుందంటే, పోయిన వారం పాఠం చదవకుండానే సగం క్లాసు వచ్చి కూర్చుంటోంది, ఎవరికి ఎంత అర్థమైందో పరీక్షదాకా తెలియడం లేదు, ఎవరో క్విజ్ పెట్టి చూడమన్నారు. ఈ సంగతి తెలిస్తే మీరు చెప్పే జవాబే మారిపోతుంది. మార్కులు లేని ఐదు ప్రశ్నల క్విజ్, క్లాసుకు ముందు రోజు రాత్రి మూసేసేది, ఎక్కువమంది తప్పుచేసిన ప్రశ్నతో మర్నాడు క్లాసు మొదలుపెట్టడం. పది నిమిషాల్లో తయారవుతుంది. అందుకే నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ముందు చెప్పేది ఒకటే: "ఈ టూల్ ఎలా వాడాలి" అని ఎవరు అడిగినా, "క్లాసులో ఏం జరుగుతోంది?" అని ఒకసారి తిరిగి అడగండి.

1. మొదటి రెండు వారాలు ఏదీ మార్చకండి

కొత్తగా చేరగానే ఏదో ఒకటి చేసి చూపించాలని ఉంటుంది. ఆగండి. పోయిన రెండు సెమిస్టర్లలో సాయం కోరుతూ వచ్చిన మెయిల్స్ అన్నీ తెరిచి చదవండి, నెలవారీగా విడదీయండి. సెమిస్టర్ మొదటి రెండు వారాల్లో లాగిన్, ఎన్‌రోల్‌మెంట్ గోల, మధ్యలో అసైన్‌మెంట్ అప్‌లోడ్ కష్టాలు, చివర్లో మార్కుల పట్టిక. దాదాపు ఎక్కడైనా వరస ఇలాగే ఉంటుంది. మీ పని క్యాలెండర్ అక్కడే తయారైపోతుంది. ఏ సాయం ఎప్పుడు కావాలో ముందే తెలిస్తే, వాళ్లు అడగడానికి వారం ముందే మెయిల్ పంపగలరు.

ఆ తర్వాత నలుగురైదుగురు లెక్చరర్ల అనుమతి అడిగి, క్లాసులో వెనక బెంచీలో కూర్చోండి. ప్రొజెక్టర్ వెలగడానికి ఎంతసేపు పడుతోంది, వెనక కూర్చున్నవాళ్లకు స్లైడ్ కనిపిస్తోందా, మైక్ ఎవరు పట్టుకుంటున్నారు... ఇవన్నీ చూడండి. సపోర్ట్ గదిలో ఏళ్ల తరబడి కూర్చున్నా తెలియని సంగతులు అక్కడ ఒక గంటలో తెలుస్తాయి.

2. టూల్స్ తగ్గించండి

ఒక విద్యార్థికి సెమిస్టర్‌లో ఆరు సబ్జెక్టులున్నాయనుకుందాం. ఒక సార్ వాట్సాప్‌లో నోట్స్ పెడతారు, ఒక మేడమ్ గూగుల్ క్లాస్‌రూమ్ వాడతారు, ఇంకొకరు మూడుల్, మరొకరు మెయిల్. విద్యార్థి చదువు కంటే వెతుకులాటకే ఎక్కువ సమయం పోతుంది. యూనివర్సిటీ మొత్తానికి ఒకే తలుపు ఉండాలి, అది ఎల్‌ఎమ్‌ఎస్, అంటే నోట్స్, అసైన్‌మెంట్లు, మార్కులు అన్నీ ఒకేచోట ఉంచే లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. మూడుల్ కావచ్చు, కాన్వాస్ కావచ్చు, బ్లాక్‌బోర్డ్ కావచ్చు. మూడుల్‌ని మార్టిన్ డౌగియామాస్ ఆస్ట్రేలియాలో తయారుచేసి 2002లో మొదటి వెర్షన్ విడుదల చేశారు, ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు. నాకు ఎక్కువ అలవాటైంది అదే, అందుకే కింద ఉదాహరణలు దాని నుంచే ఇస్తున్నాను. మీది వేరే ఎల్‌ఎమ్‌ఎస్ అయినా సమస్యలు ఇవే, బటన్ల పేర్లు మాత్రం మారతాయి.

వీడియో క్లాసులు, అతికింపుల తనిఖీ (కాపీ కొట్టిన రాతను పట్టుకోవడం) లాంటివి బయటి సర్వీసులైతే వాటిని ఎల్‌టీఐ అనే ప్రమాణం ద్వారా ఎల్‌ఎమ్‌ఎస్‌లోకే కలపండి. విద్యార్థి ఒక్కసారి లాగిన్ అయితే చాలు, కొత్త పాస్‌వర్డ్ అక్కర్లేదు. కలిపేటప్పుడు పాత 1.1 వెర్షన్ వదిలేసి 1.3 అడగండి, భద్రత అందులోనే మెరుగ్గా ఉంటుంది.

ఎవరైనా కొత్త యాప్ పట్టుకొచ్చి "ఇది చాలా బాగుంది, పెడదాం" అంటే కాదనకండి, కానీ నాలుగు ప్రశ్నలు అడగండి. విద్యార్థుల వివరాలు ఎవరి సర్వర్‌లోకి వెళ్తాయి? రేపు మనం మానేస్తే మార్కులు, సమాధానాలు బయటికి తీసుకోగలమా? చూపు లేని విద్యార్థి దీన్ని కీబోర్డుతో వాడగలడా? రాత్రి 11 గంటలకు ఆగిపోతే ఎవరు చూస్తారు? ఈ నాలుగింటికీ జవాబులున్న యాప్ అయితే ఒక చిన్న క్లాసులో ఒక సెమిస్టర్ వాడి చూడమనండి.

3. కోర్సు పేజీకి ఒక అచ్చు (టెంప్లేట్) తయారుచేయండి

ఖాళీ పేజీ చూస్తే ఎవరికైనా చేతులాడవు. పైన కోర్సు వివరాలు, లెక్చరర్‌ని ఎప్పుడు కలవచ్చో, కింద వారం వారానికి ఒక విభాగం, ప్రతి విభాగంలో "చదవాల్సింది, చేయాల్సింది, ఇవ్వాల్సింది" అని మూడే మూడు భాగాలు. అంతే. డిపార్ట్‌మెంట్ అంతా ఒకే అచ్చు వాడితే విద్యార్థికి ప్రతి సబ్జెక్టులోనూ అసైన్‌మెంట్ ఒకే చోట దొరుకుతుంది.

పోయిన సంవత్సరం కోర్సునే కాపీ చేసుకుంటామనే వాళ్లు ఎక్కువ, అది మంచిదే. అయితే పాత కోర్సునే "రీసెట్" నొక్కి వాడుకోవద్దని గట్టిగా చెప్పండి. పాత విద్యార్థుల సమాధానాలు, మార్కులు దాంతో తుడిచిపెట్టుకుపోతాయి, ఆరు నెలల తర్వాత ఎవరో మార్కుల మీద ఫిర్యాదు చేస్తే చూపించడానికి ఏమీ ఉండదు. విద్యార్థుల డేటా లేకుండా కొత్త కోర్సులోకి కాపీ చేసి, పాతదాన్ని అలాగే దాచి ఉంచండి. కాపీ చేశాక తేదీలన్నీ ఒకసారి చూడాలి, గడువు పోయిన ఏడాదిది ఉండిపోయి మొదటి రోజే "ఆలస్యం" అని ఎర్రగా కనిపించడం విద్యార్థులకు అనవసరమైన టెన్షన్.

4. పక్కన కూర్చోండి, మౌస్ ముట్టుకోకండి

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

పెద్ద హాల్లో అరవై మందిని కూర్చోబెట్టి మూడు గంటలు స్లైడ్లు చూపించే వర్క్‌షాప్‌ల వల్ల హాజరు పట్టిక నిండుతుంది, మర్నాడు ఎవరికీ ఏదీ గుర్తుండదు. ఒక్కరి పక్కన, వాళ్ల గదిలో, వాళ్ల కంప్యూటర్ ముందు, వాళ్ల సొంత కోర్సు తెరిచి నలభై నిమిషాలు కూర్చోవడం దానికంటే ఎన్నో రెట్లు పనిచేస్తుంది.

ఒకసారి రిటైర్మెంట్‌కి దగ్గర పడిన ఒక ప్రొఫెసర్‌గారి దగ్గరికి వెళ్లాను. అసైన్‌మెంట్లు ఆన్‌లైన్‌లో దిద్దడం నేర్చుకోవాలన్నారు. అంతకుముందు ఇద్దరు వచ్చి చూపించి వెళ్లారట, "అర్థమైంది కానీ రాలేదు" అన్నారు. ఆ మాట విని నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మౌస్ పట్టుకుని "గ్రేడ్" బటన్ కోసం స్క్రీన్ మొత్తం వెతికారు. నిమిషం దాటింది, నా వేలు దానంతట అదే స్క్రీన్ మీదికి పోతోంది, ఆపుకున్నాను. దొరికింది. నొక్కారు. మొదటి పేపర్ తెరుచుకోగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని స్క్రీన్‌కి బాగా దగ్గరగా వంగారు. అసలు అడ్డంకి అప్పుడు తెలిసింది నాకు: అక్షరాలు మరీ చిన్నవి, ఆయనకు కనబడటం లేదు, ఆ మాట బయటికి చెప్పడానికి మొహమాటం. కంట్రోల్ కీ పట్టుకుని ప్లస్ నొక్కమన్నాను. పేజీ పెద్దదైంది. ఆ సాయంత్రానికి పద్దెనిమిది పేపర్లు దిద్దేశారు. ముందు వెళ్లిన ఇద్దరూ మౌస్ తమ చేతిలోకి తీసుకున్నారు కాబట్టి ఆయన వంగి చూసే అవసరమే రాలేదు, కాబట్టి ఎవరికీ తెలియలేదు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. ముందే అడగండి: ఈ వారం మీకు ఏ పని పూర్తికావాలి? ఆ ఒక్క పనే తీసుకోండి, "ఇంకో మంచి ఫీచర్ ఉంది సార్" అని పక్కదారి పట్టకండి. మౌస్ వాళ్ల చేతిలోనే. బటన్ పేరు చెప్పండి కానీ వేలితో చూపించకండి, ఎందుకంటే రేపు మీ వేలు అక్కడ ఉండదు. వాళ్లు తప్పు నొక్కితే నొక్కనివ్వండి, వెనక్కి రావడం కూడా నేర్చుకోవాల్సిందే. చివర్లో అదే పని మొదటి నుంచి మరోసారి చేయమనండి, ఈసారి మీరు నోరు కూడా మెదపకూడదు. మర్నాడు అర పేజీ మించకుండా, వాళ్లు చేసిన పనినే అంచెలుగా రాసి మెయిల్ చేయండి. వాళ్లు దాన్ని ప్రింట్ తీసి టేబుల్ అద్దం కింద పెట్టుకుంటారు, అది చూస్తే నాకు ఎంత సంతోషమో.

గ్రూపు శిక్షణ తప్పనిసరైతే గంట మించకుండా, పదిమంది మించకుండా పెట్టండి. అందరూ సొంత కోర్సు తెరిచి కూర్చోవాలి, బయటికి వెళ్లేటప్పటికి వచ్చే వారం క్లాసులో వాడేది ఒకటి తయారై ఉండాలి. పరీక్షల గురించి శిక్షణ పరీక్షలకు మూడు వారాల ముందు పెట్టండి. సెమిస్టర్ మొదట్లో చెప్తే అప్పటికి మర్చిపోతారు.

5. ఆన్‌లైన్ పరీక్ష: ఇక్కడ పొరపాటుకు చోటు లేదు

మిగతా ఏది తప్పినా సర్దుకోవచ్చు. పరీక్ష తప్పితే వందలమంది పిల్లల కళ్లలో భయం చూడాల్సి వస్తుంది. నేను చూశాను. ఉదయం 10 గంటలకు పరీక్ష, 200 మందికి పైగా విద్యార్థులు ల్యాబుల్లో కూర్చున్నారు, పది దాటింది, క్విజ్ తెరుచుకోలేదు. లెక్చరర్ తేదీ, టైమ్ అన్నీ సరిగ్గానే పెట్టారు, ఆమె స్క్రీన్ మీద 10 అనే ఉంది. విద్యార్థుల స్క్రీన్ మీద మాత్రం మధ్యాహ్నం ఎప్పుడో తెరుచుకుంటుందని చూపిస్తోంది. ఆమె ప్రొఫైల్‌లో టైమ్ జోన్ వేరే దేశానిది ఉంది, ఎప్పుడో విదేశంలో కాన్ఫరెన్స్‌కి వెళ్లినప్పుడు మార్చుకున్నారు. మూడుల్ టైమ్‌ని ఎవరి ప్రొఫైల్ ప్రకారం వాళ్లకు చూపిస్తుంది, ఎవరు పెడితే వాళ్ల టైమ్ జోన్ ప్రకారం లెక్కవేస్తుంది. సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది, కారణం కనుక్కోవడానికి ఇరవై. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె చేతులు వణుకుతుండటం నేను మర్చిపోలేదు. ఆ రోజే అడ్మిన్‌తో మాట్లాడి లొకేషన్ సెట్టింగ్స్‌లో అందరికీ ఒకే టైమ్ జోన్ ఉండేలా పెట్టించాం. మీరూ ఈ రోజే చూడండి.

పరీక్షకు వారం ముందు లెక్చరర్‌తో కూర్చుని చూడాల్సినవి:

తెరిచే టైమ్, మూసే టైమ్, టైమ్ లిమిట్, ఈ మూడూ కలిసి ఎలా పనిచేస్తాయో చాలామందికి తెలియదు. పరీక్ష 12కి మూసుకుంటుంది, టైమ్ లిమిట్ 60 నిమిషాలు అనుకోండి. 11:40కి మొదలుపెట్టిన విద్యార్థికి 20 నిమిషాలే దొరుకుతాయి, గంట దొరకదు. ఇది విద్యార్థులకు ముందే చెప్పాలి.

టైమ్ అయిపోయినప్పుడు ఏం జరగాలన్న చోట, జవాబులు వాటంతట అవే సబ్మిట్ అయ్యే ఎంపిక ఉందో లేదో చూడండి. "టైమ్‌లోపు సబ్మిట్ చేయకపోతే లెక్కలోకి రాదు" అనే ఎంపిక కూడా అక్కడే ఉంటుంది, పొరపాటున అది పడితే గంటసేపు రాసిన విద్యార్థికి ఏమీ మిగలదు.

రివ్యూ ఆప్షన్స్‌లో సరైన జవాబు ఎప్పుడు కనిపించాలో చూడండి. "రాసిన వెంటనే" అని ఉంటే, ముందుగా ముగించిన విద్యార్థికి జవాబులు కనిపిస్తాయి, మిగతావాళ్లు ఇంకా రాస్తూనే ఉంటారు. క్విజ్ మూసుకున్నాకే అని పెట్టండి.

యాభై ప్రశ్నలూ ఒకే పేజీలో పెట్టకండి. పేజీ మారినప్పుడల్లా జవాబులు సేవ్ అవుతాయి, దానికి తోడు ఆటోసేవ్ మామూలుగా నిమిషానికోసారి జరుగుతుంది. పేజీకి నాలుగైదు ప్రశ్నలుంటే మధ్యలో నెట్ పోయినా నష్టం తక్కువ.

అదనపు సమయం ఇవ్వాల్సిన విద్యార్థులకు వేరే క్విజ్ కాపీ తయారుచేయకండి. యూజర్ ఓవర్‌రైడ్ అని ఉంటుంది, ఆ ఒక్కరికీ టైమ్ పెంచొచ్చు. అదే ఓవర్‌రైడ్ పరీక్ష మధ్యలో కరెంటు పోయినవాళ్లకు కూడా పనికొస్తుంది.

ఒక ఉత్తుత్తి విద్యార్థి ఖాతా చేసుకుని దాంతో పరీక్ష మొత్తం రాసి చూడండి, ఫోన్‌లో కూడా. టీచర్ ఖాతా నుంచి ప్రివ్యూ చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, దాచిన విభాగాలు, గ్రూపు పరిమితులు అక్కడ బయటపడవు. విద్యార్థులకు కూడా ముందు రోజు మార్కుల్లేని రెండు ప్రశ్నల డెమో పెట్టండి, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు ఆ రోజే తేలిపోతారు.

ఇక పరీక్ష రోజు. అందరూ ఒకే క్షణంలో లాగిన్ అయితే సర్వర్ మీద భారం పడుతుంది, పావుగంట ముందే లాగిన్ అయి ఉండమనండి. మీరు ఫోన్ దగ్గరే ఉండండి. జవాబుల కీలో తప్పుందని తర్వాత తెలిస్తే కంగారు వద్దు, ప్రశ్న సరిచేసి రీగ్రేడ్ నొక్కితే అందరి మార్కులూ మళ్లీ లెక్కవుతాయి.

6. మార్కుల పట్టిక

క్లుప్తంగా చెప్తాను. మూడుల్‌లో ఖాళీగా ఉన్న మార్కు సున్నా కాదు. ఒక విద్యార్థి ఐదు అసైన్‌మెంట్లలో ఒక్కటే ఇచ్చి అందులో 90 తెచ్చుకుంటే, మొత్తం కూడా 90 శాతం అని కనిపించే అవకాశం ఉంది, ఖాళీలను లెక్కలోంచి తీసేస్తుంది కాబట్టి. విద్యార్థి ధైర్యంగా ఉంటాడు, సెమిస్టర్ చివర్లో గుండె జారుతుంది. గడువు దాటగానే ఇవ్వనివాళ్లకు సున్నా వేయమని లెక్చరర్లకు గుర్తుచేయండి. మార్కులు ప్రకటించే ముందు ఇద్దరు ముగ్గురి మొత్తాన్ని కాగితం మీద చేత్తో లెక్కేసి పోల్చి చూడమనండి.

7. వీడియోలు, అందరికీ అందడం

గంట లెక్చర్‌ని అలాగే రికార్డు చేసి పెట్టేస్తే చివరిదాకా చూసేవాళ్లు కొందరే. 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల మీద వచ్చిన ఒక పరిశోధన దాదాపు 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించింది. ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధగా చూశారని అందులో తేలింది. కాబట్టి ఒక్కో భావనకు ఒక్కో చిన్న వీడియో, దాని వెంటనే ఒకటి రెండు ప్రశ్నలు. కెమెరా కంటే మైక్ ముఖ్యం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే మూసేస్తారు.

క్యాప్షన్లు ఆటోమేటిక్‌గా వస్తాయి కానీ సబ్జెక్టు పదాల దగ్గర తప్పులు దొర్లుతాయి, ఎవరో ఒకరు చదివి సరిచేయాలి. వినికిడి లోపం ఉన్నవాళ్లకు మాత్రమే కాదు, భాష కొత్తైన విద్యార్థికీ, నిద్రపోతున్న పిల్లాడి పక్కన కూర్చుని చదువుకునే తల్లికీ అవే ఆధారం.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల గురించి ఒక చిన్న పరీక్ష. ఫైల్ తెరిచి ఒక లైను మీద మౌస్ లాగండి. అక్షరాలు సెలెక్ట్ కాకపోతే అది ఉత్త ఫోటో, స్క్రీన్ మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అందులో ఒక్క ముక్కా కనిపించదు. ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేయించండి, లేదా అసలు ఫైల్ అడగండి. స్లైడ్లలో లేత బూడిద రంగు అక్షరాలు తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టే అలవాటు కూడా మాన్పించాలి. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లోని ఏఏ స్థాయి ప్రకారం మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, దాన్ని కొలిచే ఉచిత టూల్స్ ఉన్నాయి. ఏటా ఒక్క విద్యార్థికే ఇవి అవసరమైనా, ఆ ఒక్కరికి మనం తలుపు మూయకూడదు.

8. అతికింపుల శాతం, ఏఐ అనుమానం

ఈ మధ్య ఎక్కువ ఫోన్లు దీని గురించే. సిమిలారిటీ రిపోర్టులో (పేపర్ వేరే రాతలతో ఎంత కలుస్తోందో చూపేది) 30 శాతం వచ్చిందంటే 30 శాతం కాపీ కొట్టారని అర్థం కాదు. ఉటంకింపులు, రెఫరెన్సుల జాబితా, ప్రశ్నపత్రంలోని వాక్యాలు కూడా అందులో కలుస్తాయి. 8 శాతం ఉన్న పేపర్‌లో ఆ ఎనిమిదీ ఒకే పేరాగా ఎత్తి రాసినది కావచ్చు. అంకె పక్కన పెట్టి రిపోర్టు తెరిచి చదవమని చెప్పండి.

ఏఐ డిటెక్టర్ల విషయంలో నా మాట సూటిగా చెప్తాను: వాటి అంకె ఒక్కటే చూసి ఏ విద్యార్థినీ దోషిగా నిలబెట్టకూడదు. ఓపెన్‌ఏఐ సంస్థే తన డిటెక్టర్‌ను ఖచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థులు సొంతంగా రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిష్ భాషా పరీక్ష) వ్యాసాల్లో అవి సగటున సగానికి పైగా మెషిన్ రాసినవని తప్పుగా తేల్చాయి. ఇంట్లో ఒక భాష మాట్లాడి క్లాసులో ఇంగ్లిష్‌లో రాసే ప్రతి విద్యార్థికీ ఈ ప్రమాదం ఉంది. లెక్చరర్ అనుమానంతో వస్తే, విద్యార్థిని పిలిచి ఐదు నిమిషాలు ఆ పేపర్ గురించే మాట్లాడమనండి. వచ్చే సెమిస్టర్ నుంచి అసైన్‌మెంట్‌ని ముక్కలుగా అడగమనండి: ముందు ప్లాన్, తర్వాత చిత్తుప్రతి, ఆపైన తుది ప్రతి. రాత ఎలా పెరిగిందో కనిపిస్తే అనుమానానికే చోటు తక్కువ.

9. జవాబు రాసే తీరు

"పనిచేయడం లేదు" అని ఒకే ముక్క మెయిల్ వస్తుంది. "స్క్రీన్‌షాట్ పంపండి, బ్రౌజర్ ఏది, వెర్షన్ ఏది" అని ఎనిమిది ప్రశ్నలు తిరగ్గొట్టకండి. మూడు చాలు: ఏం చేయబోయారు, ఏం జరిగింది, ఏ కోర్సులో? తెలిసిన జవాబు ఉంటే ప్రశ్నలతో పాటే అదీ రాసేయండి. విద్యార్థి ఖాతాలోకి "లాగిన్ యాజ్" ద్వారా వెళ్లి చూసే హక్కు మీకు ఉండొచ్చు, కానీ వాళ్లకు చెప్పకుండా వెళ్లకండి. అది వాళ్ల గది, తలుపు కొట్టి వెళ్లాలి.

ఒకే ప్రశ్న మూడోసారి వస్తే దానికి సహాయ పేజీ రాయండి. ఫీచర్ పేరుతో శీర్షిక పెట్టకండి, వాళ్లు అడిగిన మాటల్లోనే పెట్టండి. "అసైన్‌మెంట్ ఇచ్చాను కానీ డ్రాఫ్ట్ అని చూపిస్తోంది" అనే శీర్షికను వెతికేవాళ్లు ఉంటారు, "సబ్మిషన్ సెట్టింగ్స్" అని వెతికేవాళ్లు ఉండరు.

10. వద్దనేవాళ్లు

నల్లబల్ల మీద సుద్దముక్క తప్ప ఏదీ వద్దనే సార్లు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. వాళ్లను వెనకబడినవాళ్లుగా చూడటం పెద్ద తప్పు. వాళ్లలో చాలామంది అద్భుతమైన టీచర్లు, బోర్డు మీద ఒక డెరివేషన్ అడుగడుగునా కట్టుకుంటూ వెళ్తుంటే క్లాసంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. దాన్ని స్లైడ్లలోకి మార్చమనడం అన్యాయం. వాళ్లకు ఏదైనా నిజంగా బరువుగా ఉన్న పని ఉందేమో కనుక్కోండి, మార్కులు మూడుచోట్ల ఎక్కించడం లాంటిది, అది తేలిక చేసి పెట్టండి. మిగతాది వాళ్లు అడిగినప్పుడే.

11. సెమిస్టర్ చివరి వారం

ఎంతమంది లాగిన్ అయ్యారు, ఎన్ని ఫైళ్లు ఎక్కాయి అనే అంకెలు పైవాళ్లు అడుగుతారు, ఇవ్వండి. మీకోసం మాత్రం వేరే లెక్క రాసుకోండి: ఒకే సమస్యతో రెండోసారి ఫోన్ చేసినవాళ్లు ఎందరు, ఎవరు సొంతంగా ఇంకొకరికి నేర్పారు, ఏ సహాయ పేజీ ఎవరూ తెరవలేదు. తర్వాత పది మంది విద్యార్థులను కూర్చోబెట్టి "ఏ కోర్సులో వెతుక్కోకుండా అన్నీ దొరికాయి?" అని అడగండి. వాళ్లు చెప్పిన కోర్సు లెక్చరర్ దగ్గరికి వెళ్లి, ఆ పేజీ వచ్చే సెమిస్టర్ మిగతావాళ్లకు చూపించడానికి అనుమతి అడగండి. ఆ తర్వాత కోర్సులన్నిటికీ బ్యాకప్ తీసి, ఒకదాన్ని నిజంగా వేరే చోట తెరిచి చూడండి, తెరుచుకుంటేనే అది బ్యాకప్.